డబ్బు నా అకౌంట్‌లోంచే పోయింది, నేనెలా కంప్లయింట్ ఇస్తాను?

నాంపల్లి కోర్టుల్లో క్రిమినల్ ప్రాక్టీస్ నాది. సైబర్ మోసాల విషయంలో నా దగ్గరికొచ్చేవాళ్లలో ఒక రకం మనుషులున్నారు, కుర్చీలో కూడా సగమే కూర్చుంటారు. దోస్తుకి అకౌంట్ వాడుకోమని ఇచ్చినవాడు, ఓటీపీ చదివి వినిపించిన రిటైర్డ్ మాస్టారు, ఇన్వెస్ట్‌మెంట్ యాప్‌లో తను చేరి పక్క ఫ్లాట్లవాళ్లనీ చేర్పించిన ఆవిడ. అందరిదీ ఒకటే మాట: "మేడమ్, మోసమని నాకు తెల్వదు. కానీ నా చేతుల మీదుగనే అయింది. ఇప్పుడు స్టేషన్‌కి పోతే నన్నే లోపలేస్తరు గదా?"

అపోహ: నోరు మూసుకుంటే నా పేరు బయటికి రాదు.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచుతున్నది ఇదే. డబ్బు పోగొట్టుకున్నవాడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన నిమిషంలో, ఆ డబ్బు మొదట పడిన అకౌంట్ నంబర్ ఫిర్యాదులోకి ఎక్కుతుంది. ఆ నంబర్ వెనకాల మీ ఆధార్, మీ పాన్, మీ ఫోటో. అసలు దొంగ ఏ దేశంలో కూర్చున్నాడో ఎవరికీ తెలీదు, మీ అడ్రస్ మాత్రం బ్యాంకు కేవైసీలో భద్రంగా ఉంది. పోలీసులు ముందు ఎవరి తలుపు కొడతారు? మీ పేరు బయటికి రావడం ఖాయం. అది మీ నోటి నుంచి ముందు వస్తుందా, బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచా అన్నదొక్కటే తేలాలి.

చట్టంలో చీటింగ్‌కైనా, దొంగసొత్తు ఉంచుకున్నందుకైనా కావలసింది దురుద్దేశం, లేదా తెలిసి చేయడం. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, అంటే బీఎన్‌ఎస్‌లో, 318, 317 సెక్షన్లు చూడండి. మనసులో ఏముందో ఎవరూ చూడలేరు కాబట్టి మీ నడత చూస్తారు. తెలిసిన రోజే పరిగెత్తుకొచ్చినవాడి నడత వేరు, చాట్ చెరిపేసి సిమ్ విరిచేసినవాడి నడత వేరు. సాక్ష్యం మాయం చేస్తే బీఎన్‌ఎస్ 238 అని ఇంకో సెక్షన్ కూడా తోడవుతుంది. ముందే వెళ్తే కేసే ఉండదని నేను హామీ ఇవ్వను. అట్లా హామీ ఇచ్చే వకీలు దొరికితే ఫీజు ఇచ్చే ముందు కాస్త ఆలోచించండి.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే సూర్యాపేట పిల్లాడొకడు. రూమ్‌కొచ్చే సీనియర్ "తమ్మీ, నాకు ట్యాక్స్ ప్రాబ్లం ఉంది, రెండ్రోజులు నీ అకౌంట్ వాడుకుంటా" అన్నాడు. వీడు ఏటీఎం కార్డు, ఆ అకౌంట్‌కున్న సిమ్ చేతిలో పెట్టాడు. కమీషన్ రెండు వేలు. నా దగ్గరికి వచ్చేసరికి అకౌంట్ ఫ్రీజ్ అయి పదకొండు రోజులు. స్టేట్‌మెంట్ తెచ్చాడు. పన్నెండు వందల బ్యాలెన్స్ ఉండే అకౌంట్లో పొద్దున తొమ్మిదింటికి మూడు లక్షల నలభై వేలు పడ్డాయి, తొమ్మిదిన్నర లోపు నాలుగు ముక్కలై వెళ్లిపోయాయి. చాట్ చూపించమన్నాను. ఫోన్ నా ముందు పెట్టాడు, ఖాళీ. "భయమేసి తీసేసిన మేడమ్." సీనియర్ నంబర్ కూడా డిలీట్ చేశాడు. తను అమాయకుడని చెప్పే ఒకే ఒక్క సాక్షిని తన చేత్తోనే చంపేసుకున్నాడు. నాకు కోపమొచ్చింది, కానీ ఆ పిల్లాడి చేతులు వణుకుతుంటే ఏమంటాను? టీ తెప్పించాను.

అపోహ: నోటీసు వచ్చిందంటే అరెస్టే. కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మామూలుగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు, పాత సీఆర్‌పీసీలో 41ఏ ఇదే. పిలిచినప్పుడు వెళ్లి సహకరిస్తే, కారణాలు రాసి పెట్టకుండా అరెస్టు చేయకూడదు. ఊరొదిలి పారిపోతే మాత్రం ఆ కారణం మీరే చేతికిచ్చినట్టు. వెళ్లే ముందు వకీలుతో ఒక గంట మాట్లాడండి, జరిగింది తేదీలవారీగా రాసుకోండి, అబద్ధం కలపొద్దు. తీసుకున్న కమీషన్ దాచొద్దు, అది స్టేట్‌మెంట్లో కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: పొరపాటున పడిన డబ్బు తిరిగి పంపేస్తే పీడ వదిలింది. తెలియనివాడు ఫోన్ చేసి "అన్నా, తప్పు నంబర్‌కి కొట్టిన, వాపస్ పంపు" అంటే అతను చెప్పిన నంబర్‌కి మీరు కొట్టకండి. బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి వెనక్కి తీసుకోమనండి. లేకపోతే దొంగసొమ్ముకి తర్వాతి మజిలీ మీరే ఏర్పాటు చేసినట్టు.

మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కి పొమ్మంటారని భయం: జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది, అంటే పరిధి ఎవరిదైనా ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకోవాలి. 1930 లేదా సైబర్ క్రైమ్ పోర్టల్ అక్నాలెడ్జ్‌మెంట్ ఉంటే ఎఫ్‌ఐఆర్ అయిపోయినట్టే అనుకోవడం: కాదు, అడిగి తెలుసుకోండి. డబ్బిస్తే అకౌంట్ డీఫ్రీజ్ చేయిస్తామనే బ్రోకర్లు: రెండో మోసం. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్ట్: అట్లాంటిది చట్టంలో లేదు, ఎన్నిసార్లు చెప్పాలి.

సిగ్గు గురించి మాత్రం ఒక మాట. వనస్థలిపురంలో మా పిన్ని, యాప్‌లో తన డబ్బు పోయిందని కాదు, తను చెప్తే చేరిన ముగ్గురు చిట్టీ స్నేహితురాళ్ల మొహం చూడలేక వారం రోజులు తలుపు తీయలేదు. "నేనే గదా చెప్పింది" అని ఒకటే ఏడుపు. ఆ వారంలో డబ్బు ఎన్ని అకౌంట్లు దాటిందో. మొదటి గంటల్లో చెప్పి ఉంటే ఎక్కడో ఒకచోట ఆగి ఉండేదేమో. చివరికి నలుగురూ కలిసే వెళ్లి ఫిర్యాదు ఇచ్చారు, పిన్నిని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ సూర్యాపేట పిల్లాడికి వద్దాం. కార్డు ఇచ్చిన రాత్రి సీనియర్ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి వాళ్లక్కకి పంపాడట: "అక్కా, ఇట్ల ఇస్తే ఏమన్నా ప్రాబ్లమా?" ఆమె నిద్రపోయింది, జవాబివ్వలేదు. ఆ స్క్రీన్‌షాట్‌లో నంబర్ ఉంది, తేదీ ఉంది. అదే పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాం, నోటీసు తీసుకున్నాం, పోలీసులకి వాంగ్మూలం ఇచ్చాం. ఇంకా చార్జిషీట్ వేయలేదు. వెళ్లేటప్పుడు అక్క అడిగింది: "మేడమ్, ఈ ఫోన్ పాతదైంది, ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చేద్దామనుకుంటున్న." ప్రింటు సరిపోదు, రేపు కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌తో పాటు అసలు ఫోనూ అడగొచ్చు. స్క్రీన్ పగిలినా సరే, బీరువాలో పెట్టమన్నాను.