పొలం గట్టున పెద్దపులి అడుగు

2022లో విజయనగరం జిల్లా పల్లెల చుట్టూ పెద్దపులి తిరుగుతూ పశువులను చంపిన రోజుల్లో, పొద్దున్నే పొలానికి వెళ్లిన రైతుకు పులికన్నా ముందు కనిపించేది తడిమట్టిలో దాని అడుగు. కుక్క అడుగులో వేళ్ల ముందు గోళ్ల గుర్తులు పడతాయి. పులి అడుగులో పడవు. నడిచేటప్పుడు అది గోళ్లను తొడుగుల్లోకి ముడుచుకుంటుంది. అలా అరగకుండా పదునుగా దాచుకున్న గోళ్లు దుప్పి మీదికి దూకే క్షణంలో బయటికి వస్తాయి.

ఆ దూకుడుకు ముందు ఎంతో ఓపిక అవసరం. పులి ఎక్కువ దూరం తరమలేదు. పొదల మాటున నేలకు కరుచుకొని, ఒక్కో అడుగూ తీసి వేస్తూ, ఇరవై మీటర్ల లోపుకు చేరగలిగితేనే వేట సాగుతుంది. మనకు మండుతున్నట్టు కనిపించే దాని నారింజ రంగు, ఎరుపు పచ్చల తేడా తెలియని జింక కంటికి ఆకుల్లో కలిసిపోతుంది. ఇంత చేసినా ఎక్కువ ప్రయత్నాలు వృథాగానే పోతాయి. దొరికిన జంతువు చిన్నదైతే మెడ వెనుక, పెద్దదైతే గొంతు పట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది. తర్వాత కళేబరాన్ని పొదలోకి లాగి, సాధారణంగా పిరుదుల వైపు నుంచి తినడం మొదలుపెట్టి, మిగిలినదాని కోసం రెండు మూడు రాత్రులు తిరిగి వస్తుంది. చచ్చిన ఆవును వెంటనే తీసేయకూడదని అటవీ సిబ్బంది చెప్పడం అందుకే: తిండి దక్కని పులి మరో పశువు మీద పడుతుంది.

సింహాలు గుంపుగా బతుకుతాయి. ఆఫ్రికా బయళ్లలో అక్కచెల్లెళ్ల వరుసైన ఆడసింహాలు కలిసి వేటాడతాయి, పిల్లలను కలిసి కాపాడుకుంటాయి. దట్టమైన అడవిలో, చెదిరి తిరిగే సాంబారు జింకల కోసం పొంచే పులికి తోడు ఉంటే అది అడ్డమే. అయితే ఒంటరిగా వేటాడుతుందని దానికి సంఘం లేదనుకోవడం పొరపాటు. దాని సంఘం వాసనలతో నడుస్తుంది. చెట్టు మొదలు మీద చిమ్మిన ద్రవాన్ని బట్టి ఆ దారిన ఎవరు వెళ్లారో, ఆడదో మగదో, జతకు సిద్ధంగా ఉందో తర్వాత వచ్చే పులి తెలుసుకుంటుంది. ఒక మగపులి హద్దులో రెండు మూడు ఆడపులుల హద్దులు ఇమిడి ఉంటాయి.

ఆ ద్రవంలో బాసుమతి అన్నపు సువాసన ఉండటాన్ని గమనించి, దానికి కారణమైన 2-ఎసిటైల్-1-పైరోలీన్‌ను గుర్తించినవారు కోల్‌కతా శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి. ఇప్పపూలలోనూ అదే పదార్థం ఉంది. శ్రీకాకుళం జిల్లా మందస కొండల్లో వేసవి మొదట్లో ఇప్పపూలు ఏరే సవర గిరిజనులకు బాగా తెలిసిన ఆ వాసనే పులి తన హద్దు మీద రాసుకునే సంతకం. నన్ను ఈ విషయం ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యపరుస్తుంది.

పిల్లలు రెండేళ్ల వయసుకు తల్లిని విడిచిపెడతాయి. ఆడపిల్లలు తల్లి హద్దు పక్కనే స్థిరపడటం ఎక్కువ. మగపిల్లలు మాత్రం బలమైన మగపులులు ఏలే చోట్లను తప్పించుకుంటూ వందల కిలోమీటర్లు నడవగలవు. ఒడిశా అడవుల నుంచి శ్రీకాకుళం జీడితోటల్లోకి దిగివచ్చే పులిని దారి తప్పినదిగా చూడటం కన్నా, చోటు వెతుక్కుంటున్నదిగా చూడటమే సబబు. అది చెట్టుకు చెట్టుకు తన వాసన చిమ్మి, బదులుగా మరో పులి వాసన ఉందేమోనని ముక్కు ఎత్తి చూస్తుంది. ఆడపులి జాడ ఎక్కడా తగలకపోతే, తెల్లవారేసరికి మరో ఊరి పొలిమేర దాటిపోతుంది.