నేల కింది నీటికి తూకం

నేల కింది వేడితో కరెంటు తీసే భూతాప విద్యుత్ కేంద్రం నడిపేవాళ్లను వేధించే ప్రశ్న ఒకటుంది: రోజూ తోడేస్తున్న వేడినీరు, ఆవిరి స్థానంలోకి కొత్త నీరు ఎంత చేరుతోంది? బావిలో ఒత్తిడి చూస్తే దాని చుట్టుపక్కల సంగతే తెలుస్తుంది. మొత్తం లెక్క తేలాలంటే నేలనే తూచాలి.

లోపల ద్రవ్యరాశి తగ్గితే పైన గురుత్వాకర్షణ కూడా కాస్త తగ్గుతుంది. ఆ తేడాను మైక్రోగాల్‌లలో చెబుతారు. ఒక్కోటి భూమి ఆకర్షణలో సుమారు వందకోట్లవ వంతు. విశాలంగా పరుచుకున్న మీటరు మందం నీరు పోతే తగ్గేది 42 మైక్రోగాల్‌లు. రాతిలో ఖాళీలు 10 శాతమే అయితే, నీటిమట్టం 10 మీటర్లు పడితే గానీ అంత తేడా రాదు.

కొలిచే గ్రావీమీటర్‌లో స్ప్రింగుకు చిన్న బరువు వేలాడుతుంటుంది. ఆ పరికరాన్ని నేల మీది గుర్తుపై పెట్టి, మట్టం సరిచేసి, గాలికి అడ్డుపెట్టి రీడింగు తీస్తారు. అలా కొన్ని చోట్లు తిరిగి మళ్లీ మొదటి గుర్తుకే వస్తారు. ఈలోగా స్ప్రింగు తనంతట తాను ఎంత సాగిందో అక్కడ బయటపడుతుంది. సూర్యచంద్రుల లాగుడు వేరే ఉంది, అది ఒక్కోసారి రోజులో 200 మైక్రోగాల్‌లు దాటుతుంది. పైన కురిసిన వానను కూడా లెక్కలోంచి తీసేయాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నేల కుంగడం. సెంటీమీటరు కుంగితే పరికరం భూకేంద్రానికి దగ్గరై 3 మైక్రోగాల్‌లు ఎక్కువ చూపిస్తుంది. న్యూజిలాండ్‌లోని వైరాకెయి కేంద్రం 1958లో మొదలైంది. అక్కడ ఒకచోట నేల 14 మీటర్లకు పైనే దిగింది. అంటే దిద్దుబాటే 4,000 మైక్రోగాల్‌లు దాటుతుంది! ఎత్తు కొలవకుండా గురుత్వం కొలవడం దండగ.

ఇంత తంటా పడ్డాక దక్కేది మాత్రం ఘనమైనది. ప్రాంతమంతటా వచ్చిన మార్పులను కూడితే, గణితవేత్త గాస్ సిద్ధాంతం ప్రకారం పోయిన మొత్తం ద్రవ్యరాశి వచ్చేస్తుంది. అది ఎంత లోతున, ఏ ఆకారంలో పోయిందో తెలియక్కర్లేదు. తోడిన దానిలోంచి ఆ అంకెను తీసేస్తే మిగిలేది కొత్తగా చేరిన నీరు. వైరాకెయిలో తొలి ఏళ్లలో తోడినంత తిరిగి చేరలేదు. ఒత్తిడి పడి, నీరు మరిగి, పైభాగంలో ఆవిరి పొర ఏర్పడింది. ఆ తగ్గిన ఒత్తిడే చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాగడంతో తర్వాతి ఏళ్లలో తోడిన దానిలో చాలావరకు తిరిగి చేరింది. కాలిఫోర్నియాలోని గీజర్స్ అనే భూతాప క్షేత్రంలో 1970లలో తీసిన కొలతలు సహజంగా చేరేది చాలా తక్కువని చూపాయి. 2003 నుంచి శాంటా రోసా నగరం శుద్ధిచేసిన మురుగునీటిని గొట్టాల్లో తెచ్చి అక్కడ లోపలికి పంపుతున్నారు.

తూకం సరిపోయినా, చేరింది చల్లనీరైతే ఆ సంగతి గ్రావీమీటర్ చెప్పలేదు. అందుకు బావిలోకి థర్మామీటర్ దించాల్సిందే.