తలవెనక్కి జారిన పాట

ఇయర్‌ఫోన్ల కేబుల్ మార్చిన రోజు రాత్రి, బాగా అలవాటైన పాటే పెట్టుకుని పడుకున్నాను. రెండు చెవుల్లోనూ శబ్దం వస్తోంది. గరగర లేదు, ఎక్కడా తెగడం లేదు. అయినా గాయకుడు దొరకలేదు. రోజూ సరిగ్గా తల మధ్యలో నిలబడి పాడే మనిషి తలంతా పరుచుకుపోయాడు. తబలా డగ్గా మీద దెబ్బ ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. కాసేపటికి చెవుల్లో నీళ్లు చేరినట్టు బరువు మొదలైంది. పాత కేబుల్ మళ్లీ తగిలిస్తే అంతా సర్దుకుంది. కొత్తది పాడైందేమో అనుకున్నాను గానీ కాదు. కుడివైపు ప్లగ్గును తిరగేసి గుచ్చాను, అంతే.

ఊడదీసి మార్చుకునే కేబుళ్లలో ఎక్కువగా కనబడేది రెండు పిన్నుల రకం. ఒక పిన్ను ప్లస్, ఇంకోటి మైనస్. ఒక్కో పిన్ను మందం 0.78 మిల్లీమీటర్లు. రెండూ ఒకే లావు కాబట్టి ఎటు తిప్పి గుచ్చినా దిగిపోతాయి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ కేబుల్‌కు ఒక పిన్ను లావుగా, ఇంకోటి సన్నగా ఉంటాయి. తిరగేస్తే లోపలికి పోవు. అలాంటి చిన్న జాగ్రత్త ఈ 0.78 పిన్నులకు కూడా తీసుకుని ఉంటే ఎంత బాగుండేదో! గుండ్రటి ఎంఎంసీఎక్స్ రకంలో ఈ గొడవే లేదు. మధ్యలో పిన్ను, చుట్టూ రింగు. ఎలా తిప్పినా పిన్ను పిన్నుకే, రింగు రింగుకే తగులుతాయి.

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటుంది. పాట మోస్తున్న కరెంటు సెకనుకు వందల సార్లు దిశ మార్చుకుంటూనే ఉంటుంది కదా, అందులో మళ్లీ ప్లస్సేమిటి, మైనస్సేమిటి? ఒక్క చెవి వరకే అయితే నిజంగానే పట్టింపు లేదు. తీగలు అటూ ఇటూ అయినా లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ చెడిపోదు, శబ్దం తగ్గదు. చిక్కల్లా రెండు చెవులు కలిసి వినడంలోనే ఉంది. ఒకే రోట్లో ఇద్దరు దంచడం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగుతుంటుంది. ఇయర్‌ఫోన్లలో అలా కాకూడదు. మధ్యలో వినబడాల్సిన గొంతుకు రెండు డ్రైవర్లలో ఊగే పల్చటి పొరలూ ఒకే క్షణంలో ముందుకు రావాలి, ఒకే క్షణంలో వెనక్కి పోవాలి. ఒక ప్లగ్గు తిరగబడితే అవి వంతులవారీ రోకళ్లవుతాయి.

ఈ తికమకను శాస్త్రవేత్తలు టెలిఫోన్ పసిగుడ్డుగా ఉన్నప్పుడే గమనించారు. బెల్‌కు పేటెంట్ వచ్చింది 1876లో. రెండేళ్లకే, 1878లో, బ్రిస్టల్‌లో పనిచేస్తున్న సిల్వేనస్ థాంప్సన్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండు చెవులకు రెండు టెలిఫోన్ రిసీవర్లు పెట్టుకుని, వాటిలో ఒకదానికి వెళ్లే కరెంటును తిరగేసి విన్నాడు. శబ్దం తల వెనక భాగంలో పుడుతున్నట్టు తోచిందని రాశాడు. నాకు నా మంచం మీద జరిగింది అదే!

స్పీకర్ల విషయంలో కారణం గాలిలో ఉంటుంది. ఒక స్పీకర్ తీగలు తిరగబడితే రెండింటి నుంచి వచ్చే మంద్ర తరంగాలు గదిలో కలుసుకుని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేస్ చచ్చిపోతుంది. ఇయర్‌ఫోన్లకూ చాలామంది ఇదే కారణం చెబుతారు. అది పొరపాటు. ఎడమ చెవిలో గాలి కుడి చెవిలో గాలిని కలవదు. కావాలంటే ఒక్కొక్క చెవికే పెట్టుకుని వినండి, డగ్గా నిండుగా మోగుతుంది. తేడా పుడుతున్నది మెదడులో.

కుడిపక్క నుంచి పిలిస్తే శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. మనిషి తల పరిమాణానికి ఆ ఆలస్యం మహా అయితే 0.65 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. మెదడు కాండంలోని నాడీకణాలు ఈ తేడాను కొలిచి దిక్కు తేలుస్తాయి. అనుకూలమైన పరిస్థితిలో 10 మైక్రోసెకన్ల తేడాను కూడా పట్టేస్తాయి, ఆశ్చర్యంగా లేదూ! ఇప్పుడు 100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద సార్లు ఊగే మంద్రస్వరం తీసుకోండి. ఒక ఆవృత్తికి, అంటే ఒక పూర్తి ఊపుకు, 10 మిల్లీసెకన్లు. తీగ తిరగబడితే రెండు చెవుల మధ్య సగం ఆవృత్తి, అంటే 5 మిల్లీసెకన్ల తేడా వచ్చినట్టు లెక్క. అంతసేపట్లో శబ్దం 1.7 మీటర్లు పోతుంది. అంత ఆలస్యం సహజంగా రావాలంటే తల నిలువెత్తు మనిషంత వెడల్పు ఉండాలి. పైగా సగం ఆవృత్తి తేడాలో ఏ చెవి ముందో, ఏది వెనకో చెప్పడానికి వీల్లేదు. లోకంలో ఎన్నడూ ఎదురుపడని సమాచారం చేతికొచ్చి, మెదడు ఆ శబ్దాన్ని ఎక్కడా నిలబెట్టలేకపోతుంది.

సుమారు 1,500 హెర్ట్జ్ దాటాక మన వినికిడి ఈ సూక్ష్మమైన కాలభేదాన్ని పోల్చడం మానేసి, ఏ చెవిలో గట్టిగా ఉందన్నదాన్నే ఎక్కువగా నమ్ముకుంటుంది. అందుకే ఆ రాత్రి తాళాల గలగల, ‘స’కారాల బుసబుస బాగానే ఉన్నాయి. గొంతులోని నిండుదనం మాత్రం కరిగిపోయింది. రెండు ప్లగ్గులూ తిరగబడితే? రెండు పొరలూ మళ్లీ కలిసే కదులుతాయి కాబట్టి గాయకుడు మధ్యకే వస్తాడు. అప్పుడు మిగిలే తేడాను మామూలు పాటల్లో పట్టుకోవడం చాలా కష్టం.

పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు. 1950, 60ల నాటి మన సినిమా పాట ఒకటి చాలు. ఘంటసాల, సుశీల పాడిన ఆనాటి పాటలు మోనోలో రికార్డయినవి. రెండు చెవులకూ ఒకే శబ్దం అందుతుంది కాబట్టి పాట మొత్తం తల నడిమధ్యలో ఒక్క చుక్కలా నిలవాలి. తర్వాతెప్పుడో స్టీరియో హంగులు అద్దిన ప్రతి అయితే పనికిరాదు. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ‘మోనో ఆడియో’ పెడితే ఏ పాటైనా సరిపోతుంది. విన్నాక ఒకవైపు ప్లగ్గు మాత్రమే తిరగేసి మళ్లీ వినండి. ఏది సరైనదో చెవికి వెంటనే తెలుస్తుంది.

చేతిలో మల్టీమీటర్ ఉంటే ఊహతో పనే లేదు. ఇయర్‌ఫోన్లు తీసేసి, మీటర్‌ను బజర్ మీద (రెండు ప్రోబ్‌ల మధ్య తీగ కలిస్తే కూత పెట్టే అమరికలో) పెట్టి, కేబుల్‌ను మాత్రమే చూడాలి. 3.5 ఎంఎం జాక్‌లో కొన ఎడమ ప్లస్, దాని వెనక రింగు కుడి ప్లస్. కొనకు ఒక ప్రోబ్ ఆనించి, రెండోదాన్ని ఎడమ పిన్నులకు ఒక్కొక్కదానికీ తాకిస్తే, కూత పెట్టినదే ప్లస్. కుడివైపూ అంతే. తర్వాత ప్లగ్గుల్ని చెవులకు పెట్టుకునే తీరులో పట్టుకుని చూస్తే, సాధారణంగా రెండు ప్లస్సులూ ముందుకో, రెండూ వెనక్కో ఉండాలి. తెగిన కేబుల్‌ను సోల్డరింగ్ చేసేవాళ్లు తీగల రంగుల్ని నమ్ముకోవద్దు. ఎర్రది కుడి అన్నది అలవాటే తప్ప కట్టుబాటు కాదు. ఆ తీగల్లో చాలావాటి మీద ఎనామిల్ పూత ఉంటుంది, దాన్ని కాల్చో గీకో తీస్తే గానీ సీసం పట్టదు.

ప్లగ్గును తీగ పట్టుకుని లాగొద్దు, మెలితిప్పొద్దు. సాకెట్ ఒకసారి వదులైతే పొలారిటీ, అంటే ప్లస్ మైనస్‌ల వరస, సరిగ్గా ఉన్నా శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. నేను ప్లస్ ఉన్నవైపు ప్లగ్గు మీద, ఇయర్‌ఫోన్ మీద ఒక్కో గోళ్లరంగు చుక్క పెట్టుకున్నాను. ఇప్పుడు చీకట్లో కాకపోయినా, దీపం వెలుగులో కళ్లద్దాలు లేకుండానే చుక్కకు చుక్క కలిపి గుచ్చేస్తున్నాను.