కేథరిన్ స్విన్‌ఫర్డ్ తల్లి ఎవరు?

1485లో బాస్‌వర్త్‌లో ఇంగ్లండ్ కిరీటం కోసం తలపడ్డ మూడో రిచర్డ్, హెన్రీ ట్యూడర్ ఇద్దరూ లాంకాస్టర్ డచెస్ కేథరిన్ స్విన్‌ఫర్డ్ వంశస్థులే. రిచర్డ్ ఆమెకు మునిమనవడు, హెన్రీ మునిమనవరాలి కొడుకు. అటు కిందికి ఇంత విశాలమైన వంశవృక్షం, పైకి వెళ్తే మాత్రం ఒక్క మెట్టుకే కాగితాలు అయిపోతాయి.

తండ్రి పేయన్ డి రోయెట్. ఇప్పటి బెల్జియంలోని హేనాల్ట్ ప్రాంతపు నైట్. అక్కడి నుంచి ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్‌కు భార్యగా వచ్చిన ఫిలిప్పా రాణి పరివారంలో పనిచేశాడు. లండన్ సెయింట్ పాల్స్‌లో ఉన్న అతని సమాధి ఆ పాత చర్చితో పాటే పోయింది. 1666 అగ్నిప్రమాదంలో చర్చి తగలబడింది. అదృష్టం కొద్దీ సమాధి మీది లాటిన్ రాత అంతకు ముందే అచ్చులోకి ఎక్కింది. అందులో అతన్ని 'లాంకాస్టర్ డచెస్ కేథరిన్ తండ్రి' అన్నారు. కేథరిన్ డచెస్ అయింది 1396లో, మూడో ఎడ్వర్డ్ కొడుకు, లాంకాస్టర్ డ్యూక్ అయిన జాన్ ఆఫ్ గాంట్‌ను లింకన్‌లో పెళ్లాడాక. అంటే ఆ రాత అంతకు ముందుది కాదు. కూతురి హోదాతో తండ్రికి గుర్తింపు వచ్చిందన్నమాట! అతన్ని హేనాల్ట్‌లోని పెద్ద ప్రభువుల కుటుంబాలకు ముడిపెట్టే వంశవృక్షాలున్నాయి గానీ, వాటిని నమ్మడానికి గట్టి ఆధారం లేదు.

మరి తల్లి? ఆమె పేరు ఏ పత్రంలోనూ లేదు. కవి చాసర్ భార్య ఫిలిప్పా కేథరిన్‌కు తోబుట్టువని చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు, అక్కడా తల్లి ఊసే లేదు.

విచిత్రంగా, ఆ తల్లి డీఎన్‌ఏలో ఒక భాగం మాత్రం మనకు తెలుసు. 2012లో లెస్టర్‌లో ఓ కార్ పార్కింగ్ కింద రిచర్డ్ అస్థిపంజరం దొరికింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. రిచర్డ్‌కు తల్లి సిసిలీ నెవిల్ నుంచి, ఆమెకు జోన్ బోఫర్ట్ నుంచి, జోన్‌కు కేథరిన్ నుంచి వచ్చింది. కేథరిన్‌కు తన తల్లి నుంచే రావాలి. జే1సీ2సీ అనే ఆ రకం రిచర్డ్ అక్క యాన్ ఆడవరుస వంశంలో నేటి వాళ్లకూ సరిపోయింది.

మగవరుస కథ ఇలా సాగలేదు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. రికార్డుల ప్రకారం రిచర్డ్ మగవరుస, జాన్ ఆఫ్ గాంట్ మగవరుస రెండూ మూడో ఎడ్వర్డ్ దగ్గర కలుస్తాయి, కాబట్టి రెండింటి వై క్రోమోజోమ్ ఒకటే కావాలి. కానీ గాంట్‌కు కేథరిన్ వల్ల పుట్టిన కొడుకు జాన్ బోఫర్ట్ వంశంలోని ఐదుగురి వై క్రోమోజోమ్ రిచర్డ్‌తో కలవలేదని 2014లో తేలింది. రిచర్డ్‌కూ, ఆ ఐదుగురి పూర్వీకుడైన ఐదో బోఫర్ట్ డ్యూక్‌కూ మధ్య మగవరుసలో 19 తరాల లంకెలున్నాయి. వాటిలో ఎక్కడో ఒకచోట, రికార్డుల్లో ఉన్న తండ్రి అసలు తండ్రి కాదు. ఎక్కడన్నది పరీక్ష చెప్పలేదు.