ఎంగిలి, చిగుళ్ల రక్తం, హెచ్‌ఐవీ: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పళ్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈమధ్య ఒకావిడ ఏడేళ్ల కూతురిని తీసుకొచ్చారు. "డాక్టరు గారూ, మా తమ్ముడికి హెచ్‌ఐవీ ఉందండి. ఇది వాడి కంచంలో అన్నం తినేసింది. ఇప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. అదేనంటారా?" అని వణుకుతూ అడిగారు. పాప నోరు చూశాను. పళ్ల మొదళ్లలో పాచి పేరుకుని చిగుళ్లు వాచాయి, అంతే. కానీ ఆ తమ్ముడికి అప్పటినుంచి ఇంట్లో విడిగా విస్తరాకులో పెడుతున్నారని తెలిసి బాధేసింది. వాళ్లు సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎంగిలితో హెచ్‌ఐవీ అంటుకుంటుంది.

అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసుతో తాగినా, బీచ్‌లో ఒకే పొట్లంలోని మురీ మిక్చర్ పంచుకున్నా రాదు. మన ఇళ్లలో ఎంగిలి పట్టింపు ఎప్పటినుంచో ఉంది, ఈ భయం దానిమీద ఎక్కి కూర్చుంది. లాలాజలంలో వైరస్ కనిపించినా బాగా తక్కువ. పైగా అక్కడ అది బతికి బట్టకట్టడం కష్టం. లాలాజలంలో లవణాలు రక్తంలో కంటే తక్కువ కాబట్టి, వైరస్‌ని మోసే తెల్ల రక్తకణాలు అందులో పడితే నీరు పట్టి పగిలిపోతాయి. దాని జిగురు వైరస్‌ని చుట్టేస్తుంది. అందులోని ఎస్‌ఎల్‌పీఐ అనే ప్రొటీన్ వైరస్‌ని మన కణాల్లోకి పోకుండా అడ్డుపడుతుంది.

రక్తం కలిస్తే మాత్రం జాగ్రత్త కావాలి. ఇద్దరి చిగుళ్లూ రక్తం కారుతున్నప్పుడు గాఢంగా ముద్దు పెట్టుకుంటే సోకే అవకాశం ఉంది, కానీ అది చాలా చాలా అరుదు. అమెరికాలో 1997లో అలాంటి కేసు ఒకటి బయటపెట్టారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు అన్నం నమిలి పసిపిల్లలకు పెట్టగా సోకిన కేసులు కూడా అక్కడే కొన్ని నమోదయ్యాయి. కాబట్టి నమిలి పెట్టే అలవాటు మానేయండి. టూత్‌బ్రష్, బ్లేడు ఎవరివి వాళ్లకే ఉండాలి.

అపోహ: చిగుళ్ల నుంచి రక్తం వస్తే హెచ్‌ఐవీ ఉన్నట్టే.

నా దగ్గరికి రక్తం కారే చిగుళ్లతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కారణం పాచి, గార. షుగర్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఇంకా తొందరగా వాస్తాయి. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినప్పుడు కొన్ని గుర్తులు కనిపిస్తాయి నిజమే: గార తీసినా తగ్గని ఎర్రటి గీత చిగుళ్ల అంచున, విపరీతమైన నొప్పితో కుళ్లిపోయే చిగుళ్లు, నోట్లో తెల్లటి పూత. వాటిని చూసి అనుమానిస్తాం, రక్తపరీక్ష చేయించమంటాం. నోరు చూసి ఎవరూ హెచ్‌ఐవీ అని తేల్చలేరు.

మన తీరంలో అడ్డపొగ (చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలకు అంగిట్లో తెల్లగా మారుతుంది. దాన్ని చూసి హెచ్‌ఐవీ అనుకోకండి, అలాగని వదిలేయకండి కూడా. అది క్యాన్సర్‌కి దారితీయవచ్చు, వెంటనే చూపించండి.

అపోహ: నోటి ద్రవంతో హెచ్‌ఐవీ టెస్ట్ చేస్తారు, కాబట్టి ఉమ్మిలో వైరస్ ఉన్నట్టే.

ఆ టెస్ట్ వెతికేది వైరస్‌ని కాదు, దానికి శరీరం తయారుచేసే యాంటీబాడీలని.

అపోహ: హెచ్‌ఐవీ ఉందని చెబితే పళ్లకి వైద్యం చేయరు.

ఇది అపోహే అని గట్టిగా చెప్పాలని ఉంది, కానీ తిప్పి పంపినవాళ్ల కథలు నేనే విన్నాను. అది తప్పు, చట్టవిరుద్ధం కూడా. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. వైద్యం నిరాకరించకూడదు, మీ విషయం బయటపెట్టకూడదు. ఎవరికి వాడిన పరికరాలనైనా ఒకేలా ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) వేస్తాం. హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది పొరపాటున మాకు గుచ్చుకున్నా సోకే అవకాశం సుమారు 0.3 శాతం. వెంటనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి. కాబట్టి దాచకండి. ఏ మందులు వాడుతున్నారో తెలిస్తేనే మేం సరైనవి రాయగలం. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఉచితం. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.

పాపకి పళ్లు శుభ్రం చేసి, బ్రష్ ఎలా పట్టుకోవాలో చూపించాను. మామయ్యని కూడా తీసుకురమ్మన్నాను. తర్వాతి వారం ముగ్గురూ వచ్చారు. ఆయన పన్నునొప్పిని ఏడాదిగా భరిస్తున్నారట, డాక్టరుకి చెప్పాల్సి వస్తుందని. గార తీసి, రెండు పళ్లకి సిమెంట్ పెట్టాను. పాప ఆయన ఒళ్లోనే కూర్చుని ఎదురుచూసింది.