"పాలు చాలడం లేదు" అని తేల్చింది ఎవరు? పసిపిల్లల పాల మీద అపోహలు - వాస్తవాలు

ప్రసూతి వార్డులో నర్సుగా చేరి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా పనిలో ఎక్కువ భాగం బాలింతల పక్కన కూర్చుని బిడ్డకి రొమ్ము ఎలా పట్టించాలో చూపించడమే. రోజూ వినిపించే మాట ఒకటుంది: "సిస్టర్, నాకు పాలు పడటం లేదు." నేను వెంటనే అడుగుతాను, "ఎవరు చెప్పారమ్మా?" అని. కాసేపు మాట్లాడిస్తే అసలు విషయం బయటికొస్తుంది. బిడ్డ సాయంత్రం గుక్కపెట్టి ఏడ్చింది. అమ్మమ్మ "కడుపు నిండటం లేదే పాపం" అంది. అత్తగారు ఫోన్లో "మా వాడికి డబ్బా పాలే పట్టాను, బాగానే ఉన్నాడుగా" అంది. రాత్రయ్యేసరికి తండ్రి మందుల షాపుకి వెళ్ళి డబ్బా, సీసా తెచ్చేశాడు. బిడ్డ బరువెంతో ఎవరూ చూడలేదు, పగలూ రాత్రీ కలిపి ఎన్నిసార్లు పాస్ పోసిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

పసిపిల్లల విషయంలో అపోహలు బోలెడున్నాయి, కొన్ని కింద చెబుతాను. కానీ అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎందుకంటే ఈ అపోహకి ఒక చెడ్డ గుణం ఉంది: నమ్మితే నిజమైపోతుంది. రొమ్ములో పాలు తోడేకొద్దీ ఊరే చెలమలాంటివి. బిడ్డ ఎంత తాగితే శరీరం అంత తయారుచేస్తుంది, రొమ్ము నిండుగా ఉండిపోతే "ఇక అక్కర్లేదు కాబోలు" అని తగ్గించేస్తుంది. డబ్బా పాలు ఒక పూట పట్టారంటే ఆ పూట బిడ్డ రొమ్ము దగ్గరికి రాదు, ఆ పూట పాలు ఖాళీ కావు, రెండు మూడు రోజుల్లో ఉత్పత్తి నిజంగానే తగ్గుతుంది. అప్పుడు బిడ్డ ఇంకా ఏడుస్తుంది, ఇంకో పూట డబ్బా పడుతుంది. నెల తిరిగేసరికి "చూశావా, మేము ముందే చెప్పాం" అంటారు. ఆ అమ్మాయి మాత్రం తన ఒంట్లోనే ఏదో లోపముందని ఏడుస్తూ ఉంటుంది. అది చూస్తే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి.

అసలు పాలు చాలడం లేదని దేన్ని చూసి అనుకుంటారు?

మొదటిది, కాన్పయిన మొదటి రెండు రోజులు. పిండితే నాలుగు చుక్కలు వస్తాయి, అంతే, కంగారు మొదలు. ఆ చుక్కలే ముర్రుపాలు. మొదటి రోజు బిడ్డ ఒక్కసారికి తాగగలిగేదే ఒక చెంచాడు, కాబట్టి ఆ కొంచెం సరిపోతుంది. నిండుగా పాలు దిగడం మామూలుగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు జరుగుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మన దగ్గర సిజేరియన్లు ఎంత ఎక్కువో తెలుసు కదా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం సిజేరియన్లే. అంటే మన ఇళ్ళల్లో చాలామంది తల్లులకి ఈ ఆలస్యం ఎదురవుతుంది. ఆ రోజుల్లో బిడ్డ బరువు కూడా కొంత తగ్గుతుంది, పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా. అది చూసి హడలిపోతారు. పది నుంచి పద్నాలుగు రోజుల్లో తిరిగి పుట్టిన బరువుకి వచ్చేస్తే చాలు. పది శాతం దాటితే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

రెండోది, సాయంత్రం ఏడుపు. సాయంత్రం ఐదారు నుంచి రాత్రి పది పదకొండు దాకా బిడ్డ రొమ్ము వదలదు, వదిలితే ఏడుస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. మూడో వారం దగ్గర ఒకసారి, ఆరో వారం దగ్గర ఒకసారి ఇది మరీ ఎక్కువవుతుంది. పిల్లలు ఒక్కసారిగా పెరిగే రోజులవి. రొమ్మును మాటిమాటికీ పట్టుకుని రేపటికి కావలసిన పాలు తయారుచేయించుకుంటారు. ఏడుపు కూడా ఆరో వారం దగ్గర ఎక్కువై, మూడు నాలుగు నెలలకి దానంతట అదే తగ్గుతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఇంట్లోకి డబ్బా వస్తుంది, ఇదే నా బాధ.

మూడోది, నెలన్నర తర్వాత రొమ్ములు మెత్తబడటం. "ముందు బరువుగా, గట్టిగా ఉండేవి సిస్టర్, కారేవి కూడా, ఇప్పుడేమీ లేవు" అంటారు. బిడ్డకి ఎంత కావాలో శరీరానికి లెక్క కుదిరింది, అంతే. ఇక పంపుతో తీసి చూసి "ముప్పై మిల్లీలీటర్లే వచ్చాయి" అని బెంగపెట్టుకునేవాళ్ళు. బిడ్డ నోరు లాగినట్టు పంపు లాగదు. టెన్షన్‌లో ఉంటే చేపు, అంటే పాలు జారడం, కూడా సరిగా రాదు, ఆ మిషన్‌ని చూస్తూ ఎంతొచ్చాయా అని లెక్కపెడుతుంటే ఇంకా రాదు. పంపులో వచ్చింది చూసి పాలు చాలవని తేల్చేయకండి.

మరి దేన్ని చూడాలి? ఇంట్లో చూడగలిగినవే. ఐదారు రోజులు దాటిన బిడ్డ 24 గంటల్లో ఆరుసార్లకి తక్కువ కాకుండా పాస్ పోయాలి, అదీ తేట రంగులో. నల్లటి మొదటి విరేచనం నాలుగైదు రోజులకల్లా పసుప్పచ్చగా మారాలి. పాలు తాగేటప్పుడు చెవి పెట్టి వినండి, చేపు వచ్చాక గుటక వినిపిస్తుంది. మొదట బిగించిన పిడికిలి తాగుతూ తాగుతూ సడలి, వేళ్ళు తెరుచుకుంటాయి. బరువు మొదటి మూడు నెలల్లో రోజుకి సగటున 20 నుంచి 30 గ్రాములు పెరగాలి, ఐదారు నెలలకి పుట్టిన బరువుకి రెట్టింపు కావాలి. రోజూ తూచక్కర్లేదు, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు తూచి కార్డులో రాసింది చూడండి చాలు. మొదటి వారాల్లో పగటిపూట డైపర్ బదులు పొత్తిగుడ్డ వాడమంటాను, లెక్క తెలుస్తుంది కాబట్టి. ఒక తండ్రి, ఆటో నడుపుతాడు, గోడ మీద క్యాలెండర్‌లో ఒక్కో తడిగుడ్డకి ఒక్కో గీత పెట్టాడు. చూపించడానికి ఆ క్యాలెండర్ ఊడదీసి నా దగ్గరికి తెచ్చాడు, ఏ రోజూ ఎనిమిది గీతలకి తగ్గలేదు. "ఇంట్లో అందరూ పాలు చాలట్లేదంటున్నారు, నాకు అనుమానంగా ఉంది సిస్టర్" అన్నాడు. ఆ ఇంట్లో డబ్బా రాకుండా ఆపింది అతనే. బాలింత తిండీ నిద్రా చూసుకోవడంతో పాటు ఈ లెక్క కూడా మగవాళ్ళు చేయగలిగిన పనే, మీ వంతు పని లేదనుకోకండి.

అందరికీ అంత సుఖంగా జరగదు. పోయిన వేసవిలో ఒక అమ్మాయి ఆరో వారం టీకాకి వచ్చింది, చేతిలో సీసా. తొలి కాన్పు, పుట్టింట్లో ఉంది. కార్డు తీసి చూశాను. పుట్టినప్పుడు 2.8 కిలోలు, పద్నాలుగో రోజు 3 కిలోలు, ఇరవై ఒకటో రోజు 3.2. పాలు చాలని బిడ్డ ఇలా పెరగదు. నాలుగో వారంలో సాయంత్రాలు ఏడుస్తోందని డబ్బా మొదలుపెట్టారు, అప్పటినుంచి పూట పూటకీ పెంచుకుంటూ పోయారు. కార్డులో అంకెలు నేను వరసగా చదివి వినిపిస్తుంటే ఆ పిల్ల "అంటే అప్పుడు నాకు పాలున్నాయా?" అని అడిగింది. ఉన్నాయమ్మా, నిండుగా ఉన్నాయి, నీకెవరూ చెప్పలేదు. వాళ్ళమ్మ కూడా పక్కనే ఉంది, ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఆవిడనీ ఏమీ అనలేం, మనవరాలు ఏడుస్తుంటే చూడలేకపోయింది. సీసా పక్కన పెట్టించి, పైన పట్టేది ఉగ్గుగిన్నెతో పట్టమన్నాను. ప్రతిసారీ ముందు రెండు రొమ్ములూ ఇచ్చాకే డబ్బా. రాత్రి రెండు మూడుసార్లు రొమ్ము పట్టించడం తప్పనిసరి, ఎందుకంటే పాలు ఊరించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. బిడ్డని ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టుకోమన్నాను. బరువు చూసుకుంటూ డబ్బా కొంచెం కొంచెంగా తగ్గించాం. పద్నాలుగో వారం టీకాకి వచ్చేసరికి డబ్బా మానేశారు. అందరికీ పాలు ఇలా పూర్తిగా వెనక్కి రావు, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. అందుకే డబ్బా కొనకముందు ఒక్కసారి వచ్చి అడగండి అంటాను.

చాలాసార్లు గొడవ పాలలో ఉండదు, పట్టించే తీరులో ఉంటుంది. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే పాలు రావు, మొన పగులుతుంది, తల్లికి ప్రాణం పోయినంత నొప్పి. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వీలైనంత నోట్లోకి వెళ్ళాలి, నోరు బాగా తెరుచుకుని, గడ్డం రొమ్ముకి ఆని, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. "మొదట్లో నొప్పి ఉంటుంది, ఓర్చుకోవాలి" అనే సలహా నాకు అస్సలు నచ్చదు. మొదటి క్షణాల్లో కాస్త లాగినట్టుండటం వేరు, తాగినంతసేపూ పళ్ళు బిగపట్టి కూర్చోవడం వేరు. అలా ఉంటే చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి, ఎవరైనా తెలిసినవాళ్ళకి చూపించండి.

నిజంగా పాలు తక్కువ పడే తల్లులు లేరా? ఉన్నారు. థైరాయిడ్ తేడా, కాన్పులో విపరీతంగా రక్తం పోవడం, మాయ ముక్క లోపల ఉండిపోవడం, రొమ్ముకి ఆపరేషన్ జరిగి ఉండటం, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకి వచ్చే సమస్య) ఉన్న కొందరిలో, నెలలు నిండకుండా పుట్టి గట్టిగా చప్పరించలేని బిడ్డల విషయంలో ఈ ఇబ్బంది ఉంటుంది. వాళ్ళకి డాక్టర్ చెబితే డబ్బా పట్టాల్సిందే, అందులో తప్పూ లేదు, తలదించుకోవాల్సిందీ లేదు. కానీ పడితే సరిగా పట్టండి. చాలా డబ్బాలకి 30 మిల్లీలీటర్లు కాచి చల్లార్చిన నీళ్ళకి ఒక చెంచా పొడి కొలత, మీ డబ్బా మీద ఏముందో చదివి, లోపలిచ్చిన చెంచాతోనే తలగొట్టి కొలవండి. డబ్బా త్వరగా అయిపోతోందని పలచగా కలిపితే బిడ్డ బక్కచిక్కిపోతుంది, చిక్కగా కలిపితే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. రెండిటినీ చూశాను, రెండిటికీ వార్డులో చేర్చాల్సి వచ్చింది. ఇంకోటి, డబ్బా పాలకీ పాలసీసాలకీ ప్రకటనలు ఇవ్వకూడదని, తల్లులకి ఉచిత శాంపిల్స్ పంచకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది. డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠమని రాసి ఉండేది ఆ చట్టం వల్లే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఎండాకాలం, నీళ్ళు పట్టకపోతే నాలుక పిడచగట్టుకుపోతుంది." రామగుండం ఎండల్లో అయినా ఆరు నెలల్లోపు బిడ్డకి విడిగా నీళ్ళు వద్దు. తల్లిపాలలో 87 శాతం పైగా నీరే. ఎండగా ఉంటే ఇంకోసారి పాలివ్వండి, తాగాల్సింది తల్లి.

బాలింత నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని గ్లాసు కొలిచి ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆపండి. దాహం వేసినంత తాగనివ్వండి, ఆకుకూర, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ పెట్టండి. తల్లి పెరుగు తింటే బిడ్డకి జలుబు చేయదు. మెంతులు, వెల్లుల్లి కారం ఇష్టంగా తింటే తిననివ్వండి, మంచి తిండే. కానీ బిడ్డ రొమ్ము పట్టకుండా తిండితోనే పాలు పెరగవు.

తల్లికి జ్వరం, జలుబు ఉంటే పాలు ఆపక్కర్లేదు. బిడ్డకి విరేచనాలైనా ఆపకూడదు, ఇంకా ఎక్కువగా ఇవ్వాలి. ఏ మందు వేసుకుంటున్నా పాలిస్తున్నానని డాక్టర్‌కి చెప్పండి.

ముర్రుపాలు పిండి పారబోయడం, పుట్టగానే తేనె నాకించడం రెండూ తప్పే. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా వల్ల ఏడాదిలోపు పిల్లలకి కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి పెట్టడం, ఆముదం పట్టడం కూడా వద్దు.

అప్పుడే పుట్టిన బిడ్డ రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటే పిండకండి. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు అది, వదిలేస్తే పోతుంది, పిండితే చీము పడుతుంది. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. కంట్లో కాటుక పెట్టకండి. బొడ్డు మీద ఏమీ రాయకండి, పొడిగా ఉంచండి.

నెలన్నర దాటి తల్లిపాలే తాగే బిడ్డ నాలుగైదు రోజులు విరేచనం పోకపోయినా, పొట్ట మెత్తగా ఉండి, పోయినప్పుడు మెత్తగానే పోతే మలబద్ధకం కాదు. రోజుకి ఏడెనిమిది సార్లు పోయినా, బరువు పెరుగుతూ ఉంటే జబ్బు కాదు. ఇక పళ్ళు వస్తున్నాయి కాబట్టి విరేచనాలు అని వదిలేయడం ప్రమాదం, ఆ వయసులో కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటారు, క్రిములు అలా వెళ్తాయి.

ఇన్ని విషయాల్లో కంగారు పడొద్దన్నాను కాబట్టి, ఎప్పుడు ఆగకూడదో కూడా చెప్పాలి. పాలు తాగే బిడ్డ ఒక్కసారిగా రొమ్ము పట్టడం మానేసినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఆరేడు గంటలు పాస్ పోయకపోయినా, పసుపు రంగు అరికాళ్ళూ అరచేతుల దాకా దిగినా, మూడు నెలల్లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీలు, ఆపైన ఉన్నా, ఒళ్ళు చల్లబడినా, నిమిషానికి అరవై సార్లు, అంతకంటే ఎక్కువగా ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. దిష్టి తీసి కూర్చోకండి, ఎవరికీ ఫోన్ చేసి అడగకండి. 108కి ఫోన్ చేసి బయలుదేరండి, దారిలో బిడ్డని తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా కప్పి ఉంచండి. మింగగలిగే స్థితిలో ఉంటే పాలు పట్టిస్తూనే రండి, బరువు కార్డు మర్చిపోకండి.