బెంచీలు తిప్పితే సహకార అభ్యసనం కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎఫ్ఏ (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు ఇచ్చిన వారంలో ఎవరో ఒక తల్లి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడుతుంది. "మేడం, చార్ట్ అంతా మా బిడ్డ ఒక్కతే రాసింది. మిగతోళ్లకు గూడ గవే మార్కులా?" నల్లగొండ జిల్లాలో సైన్సు చెబుతూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ఆమె బాధలో న్యాయం ఉంది. తప్పు గ్రూపుది కాదు, మేము గ్రూపు పెట్టిన తీరుది.

అపోహ: నలుగురిని గుండ్రంగా కూర్చోబెడితే సహకార అభ్యసనం, అంటే పిల్లలు గ్రూపులో ఒకరికొకరు నేర్పుకోవడం, అయిపోయినట్టే.

వాస్తవం: కానే కాదు. గ్రూపులో పక్కవాళ్లు నేర్చుకుంటే తప్ప ఏ ఒక్కరి పనీ పూర్తి కాకూడదు. చివర్లో ఎవరికి ఎంత వచ్చిందో విడివిడిగా చూడాలి. ఈ రెండూ లేకపోతే ఒకరు రాస్తారు, ముగ్గురు చూస్తారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిమీద పరిశోధన చేసిన జాన్సన్ సోదరులు పట్టుబట్టి చెప్పింది ఇదే. విద్యా పరిశోధకుడు స్లావిన్ పరిశోధనలూ అక్కడికే వచ్చాయి. పాఠాన్ని ముక్కలుగా పంచే జిగ్‌సా పద్ధతి కూడా దీనిమీదే నిలబడింది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్లజాతి, తెల్లజాతి పిల్లలు కొత్తగా ఒకే తరగతిలోకి వచ్చి, ఒకరికొకరు పడక గొడవపడుతుంటే, ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కటి పంచాడు; మిగతా ముక్కలు పక్కవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

మొదట్లో నేనూ చార్టులే చేయించాను, అందరికీ ఒకే మార్కు వేశాను. ఒక అమ్మాయి మార్కులు చూసి ఏడ్చిన రోజున మానేశాను. ఇప్పుడు ఫ్లోరైడ్ పాఠాన్ని నాలుగు ముక్కలు చేస్తాను: రాళ్లలోంచి బోరు నీళ్లలోకి ఎలా వస్తుంది, పళ్లకూ ఎముకలకూ ఏం చేస్తుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి ఏంటి, పటిక, సున్నం వేసే నల్లగొండ పద్ధతిలో దాన్ని నీళ్లలోంచి ఎలా తీస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్లు ముందు కలిసి చదువుకుంటారు, తర్వాత ఎవరి గ్రూపుకు వాళ్లు వెళ్లి చెబుతారు. ఒకసారి చివరి ముక్క ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడికి వచ్చింది. క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి అడిగింది: "పటిక ఏస్తే సరిపోదా? సున్నం ఎందుకు?" వాడు కాగితం తిరగేశాడు, కాసేపు ఆగాడు. "పటిక పడితే నీళ్లు ఆమ్లం దిక్కు పోతయి. సున్నం అది సరిచేస్తది." ఆ అమ్మాయి తన నోట్సులో కొట్టేసి మళ్లీ రాసుకుంది. తర్వాత అందరికీ ఐదు ప్రశ్నల స్లిప్పు, ఎవరిది వాళ్లే రాయాలి. మార్కులు ఆ స్లిప్పుకే.

అపోహ: బాగా చదివే పిల్లలు వెనకబడతారు.

వాస్తవం: వివరించి చెప్పే పిల్లలకే పాఠం ఎక్కువ పట్టుబడుతుందని విద్యా పరిశోధకురాలు నోరీన్ వెబ్ పరిశోధనల్లో తేలింది. జవాబు చూపించి రాయించడం వేరు, దానివల్ల ఇద్దరికీ లాభం లేదు.

గోల ఎక్కువంటారు. చెయ్యెత్తితే ఆగాలని మొదటి వారమే అలవాటు చేస్తే ఆగుతారు. టెన్త్‌లో సిలబస్ అవదంటారు. అన్ని పాఠాలూ ఇలా చెప్పమని ఎవరన్నారు?

తల్లిదండ్రులు టెన్షన్ పడకండి. ఇంటికొచ్చిన పిల్లను రెండే అడగండి: నీ ముక్క ఏంటి, నీ పక్కవాళ్ల ముక్క ఏంటి? రెండోది చెప్పలేకపోతే స్కూలుకు వచ్చి మమ్మల్ని అడగండి.